పాత కంప్యూటరు డిస్కు యంత్రముల పునరుద్ధరణము



నేటి ప్రసంగ విషయము చాలమందికి క్రొత్తగా తోచవచ్చును. అర్ధ శతాబ్దమునకు పూర్వము వాడుకలో నుండిన చిన్న తరహా కంప్యూటర్లకు అనుబంధముగా డిస్కు డ్రైవులను యంత్రములు ఉండెడివి. వానిలో పెక్కు నేడు గిడ్డంగులలోను, అటకలమీదను, ప్రదర్శనశాలలలోను మూలబడి యున్నవి. వానిని పరీక్షించి, లోపము కనుగొని, మరల నడిపించు పనిలో కొందరు శ్రద్ధాళువులు పలు దేశములలో నిమగ్నులై యున్నారు. ఆ పని ఎట్టిది, దానిని ఏ వరుసలో చేయవలెను, తొందరపడినచో కలుగు నష్టమేమి అను మూడు సంగతులను మనవి చేయుట నా ఉద్దేశము. యంత్రశాస్త్రము చదువనివారికిని ఇది బోధపడగలదు. బండి ఇరుసునకు కందెన వేయించినవారును, నూతి గిలక అరిగినపుడు మార్పించినవారును, తాతలనాటి తాళపత్రములను చెదల నుండి కాపాడినవారును ఈ విషయమునకు పరాయివారు కారు.

ముందుగా ఈ యంత్రముల పుట్టుక కొంచెము చెప్పవలసి యున్నది. 1957లో అమెరికా దేశమున, మసాచుసెట్సు రాష్ట్రములోని మేనార్డు పట్టణమున, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థ స్థాపింపబడినది. అప్పటి కంప్యూటర్లు ఒక పెద్ద గదిని ఆక్రమించునవి. వాని వెలను భరించుట ప్రభుత్వ శాఖలకును, మహా వ్యాపార సంస్థలకును మాత్రమే సాధ్యము. ఈ సంస్థ 1965లో పీడీపీ-8 అను యంత్రమును, 1970లో పీడీపీ-11 అను యంత్రమును విక్రయమునకు తెచ్చెను. ఇవి బీరువా పరిమాణములో నుండి, ఒక కళాశాలకో, ఒక పరిశోధనశాలకో, ఒక కర్మాగారమునకో కొనదగినవిగా నుండెను. ఈ తరగతి యంత్రములకే మినీ కంప్యూటర్లను పేరు కలిగెను. మన హైదరాబాదు నగరమునకు కూడ ఈ చరిత్రలో కొంత భాగము కలదు. 1967లో అచ్చట నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా టీడీసీ-12 అను కంప్యూటరును తయారుచేసినది. కావున ఈ తరగతి యంత్రములను ఎరిగిన మనుష్యులు మన నేలమీద కూడ పుట్టి పెరిగినవారే.

కంప్యూటరు లెక్కించును, కాని లెక్కించినదానిని దాచుకొనుటకు దానికొక చోటు కావలెను. ఆ చోటే డిస్కు. ఉదాహరణముగా డిజిటల్ సంస్థవారు 1970ల తొలి భాగమున తయారుచేసిన ఆర్‌కే-05 అను డ్రైవును తీసికొందము. ఒక చదునైన ప్లాస్టికు పెట్టెలో 14 అంగుళముల అడ్డుకొలత గల అల్యూమినియము పళ్ళెము ఒకటి యుండును. దాని రెండు ముఖములకును ఇనుప తుప్పు జాతికి చెందిన గోధుమరంగు పూత పూయబడి యుండును. ఈ పెట్టెను డ్రైవు ముఖద్వారము తెరచి లోపలికి త్రోయుదురు. లోపల మోటారు, బెల్టు సహాయమున పళ్ళెమును నిమిషమునకు 1500 చుట్లు త్రిప్పును. కుమ్మరి సారెను తలచుకొనుడు. కాని ఈ సారె అంచు గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచుండును.

పళ్ళెముపై 203 వలయములు, దుక్కి దున్నిన పొలములో చాళ్ళవలె, ఒకదాని ప్రక్క ఒకటి యుండును. ఒక అంగుళము వెడల్పులో నూరు చాళ్ళు ఇమిడియుండును. పీడీపీ-11 యంత్రమునకు వాడు పళ్ళెములో ఒక్కొక్క చాలు 12 మళ్ళుగా విభజింపబడి, ఒక్కొక్క మడిలో 512 అక్షరములు పట్టును. రెండు ముఖములును కలిపి లెక్కించినచో మొత్తము 24,94,464 అక్షరములు. అనగా సుమారు 25 లక్షలు. ఈ అక్షరములు సిరాతో వ్రాసినవి కావు. పూతలోని కణములను అయస్కాంత శక్తిచే ఇటో అటో త్రిప్పి ఉంచిన గుర్తులు. వానిని వ్రాయుటకును, చదువుటకును పై ముఖమునకొకటి, క్రింది ముఖమునకొకటి, రెండు హెడ్డులు కలవు.

ఇక్కడ గ్రామఫోను ప్లేటు మీకు జ్ఞప్తికి రావచ్చును. రెండింటికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. గ్రామఫోను ముల్లు ప్లేటును తాకుచు పోవును. డిస్కు హెడ్డు పళ్ళెమును తాకరాదు. పళ్ళెము వేగముగా తిరుగునపుడు దానితోకూడ ఒక పలుచని గాలిపొర తిరుగును. హెడ్డు ఆ పొరమీద తేలియాడుచుండును. హెడ్డునకును పళ్ళెమునకును నడుమనుండు ఎడము మన తలవెండ్రుక మందములో ఇరువదియవ వంతు కూడ ఉండదు. అంత సన్నని సందులోనికి ఒక ధూళి రేణువు దూరినచో, హెడ్డు గాలిపొర తప్పి పళ్ళెమును తాకును. తాకినంతనే పూత గీచుకొనిపోవును. గీచుకొనిపోయిన పొడి హెడ్డునకు అంటుకొనును. అది మరికొంత పూతను గీయును. క్షణకాలములో పళ్ళెముమీద నల్లని వలయమొకటి ఏర్పడును. ఆ వలయములో వ్రాసియుండిన దానిని ఎంతటి నేర్పరియైనను మరల తీసికొనిరాజాలడు.

ఈ ప్రమాదమునకు అంటువ్యాధి లక్షణము కూడ కలదు. చెడిన హెడ్డు మంచి పళ్ళెమును చెరచును. చెరచబడిన పళ్ళెమును వేరొక డ్రైవులో పెట్టినచో దానిలోని మంచి హెడ్డులును చెడును. "ఈ డ్రైవులో చదువుట లేదు, ఆ డ్రైవులో పెట్టి చూతము" అని ఒక గీచుకొనిన పళ్ళెమును యంత్రమునుండి యంత్రమునకు మార్చుచు పోయినవారు వరుసగా అన్ని యంత్రములను పాడుచేసికొందురు. గాలికుంటు తగిలిన ఎద్దును ఊరి మందలో కలిపినట్లే ఇది. కనుక పాత డిస్కుల పనిలో తొలి సూత్రము ఇది: అనుమానమున్న పళ్ళెమును మంచి డ్రైవులో పెట్టరాదు, అనుమానమున్న డ్రైవులో మంచి పళ్ళెమును పెట్టరాదు.

పెద్దలలో ఒకరు ఇట్లు ప్రశ్నింపవచ్చును. "ఇంత పెద్ద యంత్రములో పట్టునది 25 లక్షల అక్షరములు. నేడు మా మనుమని జేబులోని ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమే అంత చోటు ఆక్రమించును. ఇట్టిదానికొరకు నెలల తరబడి శ్రమించుట ఎందులకు?" ఇది న్యాయమైన ప్రశ్నయే. చోటు ఎంత అని చూచినచో ఈ యంత్రమునకు నేడు విలువ లేదు. ఆ చోటిలో ఏమున్నది అనునదే చూడవలసినది. తాళపత్ర గ్రంథము నూరు ఆకులే యుండవచ్చును. అందులోని కావ్యమునకు వేరొక ప్రతి లేనపుడు ఆ నూరు ఆకులే సర్వస్వము.

ఒక నిదర్శనము చెప్పెదను. నేడు లోకములోని అసంఖ్యాక కంప్యూటర్లను, ఫోనులను నడిపించు వ్యవస్థలకు మూలపురుషుని వంటిది యూనిక్స్ అనునది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను ఇరువురు అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో దీనిని నిర్మించిరి. 1975లో వెలువడిన దాని ఆరవ కూర్పు ఇట్టి 14 అంగుళముల డిస్కులమీద కూడ విశ్వవిద్యాలయములకు పంపబడినది. అయితే 1971 నాటి మొదటి కూర్పు ఏమైనది? దాని ముఖ్య భాగము యంత్రము చదువదగు రూపమున నిలువలేదు. 1972 నాటి అచ్చు కాగితములు మాత్రము దొరికినవి. ఆ కాగితములను ఆధారము చేసికొని కొందరు స్వచ్ఛంద సేవకులు 2008లో దానిని మరల కూర్చి నడిపించిరి. ఎవరో ఒకరు ఆ కాగితములను పారవేయకుండుటచే ఆ కార్యము సాధ్యమైనది. డిస్కుపై నుండి, కాగితముపై లేని కృతులు ఎన్ని యుండునో ఊహింపుడు. ప్రయోగశాలల కొలతలు, కర్మాగారముల లెక్కలు, విద్యార్థుల మొదటి ప్రయత్నములు, అన్నియు ఆ గోధుమరంగు పూతలో నిద్రించుచున్నవి.

ఇట్టి పాత డిస్కులు నిజముగా మరల పలుకునా అను సందేహమునకు సమాధానము కలదు. లోకములో మొట్టమొదట విక్రయింపబడిన డిస్కు యంత్రము 1956లో ఐబీఎం సంస్థవారు తెచ్చిన ర్యామాక్ అనునది. దానిలో 24 అంగుళముల పళ్ళెములు 50 ఒక స్తంభమువలె పేర్చబడి యుండెను. బరువు సుమారు ఒక టన్ను. అన్ని పళ్ళెములలో కలిపి పట్టునవి 50 లక్షల అక్షరములు. ఆ కాలమున ఐబీఎంలో పనిచేసిన ఆల్బర్ట్ హోగ్లండ్ అను విద్వాంసుడు వృద్ధాప్యమున, 2000 తరువాతి సంవత్సరములలో, కాలిఫోర్నియాలోని సాంటా క్లారా విశ్వవిద్యాలయమున మరికొందరితో కలిసి అట్టి యంత్రము నొకదానిని పునరుద్ధరించుటకు పూనుకొనెను. దశాబ్దములు గడచినను పళ్ళెములపై నాటి గుర్తులు చదువదగియే యుండెను. అయస్కాంతపు గుర్తు పొడి చోట, చల్లని చోట నున్నచో దీర్ఘకాలము నిలుచును. పాడగునవి దాని చుట్టునుండు రబ్బరు, స్పాంజి, బ్యాటరీ, బెల్టు మొదలగునవి. వీనికన్న ఎక్కువగా పాడుచేయునది మనుష్యుని తొందర.

ఇక పని క్రమమును వివరించెదను.

యంత్రము చేతికి వచ్చినంతనే తీగ గోడకు తగిలించి మీట నొక్కవలెనని ఎవరికైనను మనసు లాగును. అదియే చేయరాని పని. మొదటి దినములు చూచుటకే వినియోగింపవలెను. మూత తీసి, దీపము పట్టుకొని, లోపలి భాగములను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఛాయాచిత్రములు తీసి, పుస్తకములో వ్రాసికొనవలెను. గాలి పోవు మార్గమునకు అతుకులుగా పెట్టిన స్పాంజి ఏండ్లు గడచుటచే జిగటయై, పిదప పొడియై రాలుచుండును. ఆ పొడి గాలితోపాటు పళ్ళెము మీదికి పోయినచో ఏమగునో ఇంతకు ముందు చెప్పియున్నాను. కావున దానిని లేశమైన మిగులకుండ గోకి, తుడిచి, క్రొత్తది అతికింపవలెను. గాలిని వడగట్టు వడపోత పెట్టెను కూడ పరీక్షించి, అవసరమైనచో మార్పవలెను. బెల్టు బిరుసెక్కినదా, పగిలినదా చూడవలెను. ఎలుకలు తీగలు కొరికినవేమో, చెమ్మ తగిలి తుప్పు పట్టినదేమో చూడవలెను.

ఆ పిమ్మట విద్యుత్తు సంగతి. అమెరికాలో వాడుటకు చేసిన యంత్రము 115 వోల్టులకు, సెకనునకు 60 ఆవృత్తులకు తగినట్లు అమర్పబడి యుండును. మన దేశమున 230 వోల్టులు, 50 ఆవృత్తులు. వోల్టుల భేదమును సరిచేసినంత మాత్రమున చాలదు. మోటారు వేగము ఆవృత్తులను అనుసరించి యుండును గనుక, దాని కప్పీని, బెల్టును కూడ మన విద్యుత్తునకు తగినవానిగా మార్పనిచో పళ్ళెము సరియైన వేగముతో తిరుగదు. విద్యుత్తును నిలువచేయు కెపాసిటర్లను భాగములు దీర్ఘకాలము ఊరక పడియుండుటచే బలము తప్పియుండును. వానిని విడదీసి పరీక్షించి, మంచివానికి కొద్దికొద్దిగా విద్యుత్తును హెచ్చించుచు ఇచ్చి, చెడినవానిని మార్తురు. పలుదినములు లంఖణము చేసినవానికి మొదట గంజి పోసినట్లు. విద్యుత్సరఫరా భాగమును మిగిలిన యంత్రమునుండి వేరుచేసి, 5 వోల్టులు రావలసిన చోట 5 వోల్టులే వచ్చుచున్నవా, 15 రావలసిన చోట 15 వచ్చుచున్నవా అని కొలిచి చూచిన తరువాతనే యంత్రమునకు కలుపుదురు. తీగ ఊడదీసిన తరువాత కూడ కెపాసిటర్లలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచి యుండవచ్చును. ఈ సంగతి తెలియనివారు మూత తీయరాదు.

మూడవది, ఆపద్ధర్మపు బ్యాటరీ. యంత్రము నడుచుచుండగా ఊరిలో విద్యుత్తు హఠాత్తుగా ఆగినదనుకొనుడు. పళ్ళెము మెల్లగా నిలిచిపోవును; గాలిపొర పలుచనగును; హెడ్డులు పళ్ళెము మీద కూలును. అట్లు జరుగకుండుటకై లోపల చిన్న నికెల్-కాడ్మియము బ్యాటరీ నొకదానిని పెట్టిరి. విద్యుత్తు పోయిన క్షణమున అది తన బలముతో హెడ్డులను వెనుకకు లాగివేయును. ఏబది ఏండ్ల పాత యంత్రములో ఈ బ్యాటరీ మృతప్రాయమై యుండుట సహజము. దానినుండి కారిన ద్రవము చుట్టుప్రక్కల లోహమును తినివేసియుండుటయు కలదు. క్రొత్త బ్యాటరీ పెట్టి, హెడ్డులు నిజముగా వెనుకకు వచ్చుచున్నవని ప్రత్యక్షముగా చూడక పూర్వము ఏ పళ్ళెమును ఎక్కింపరాదు. యంత్రము చక్కగా నడుచు దినములలో ఈ బ్యాటరీ ఉనికియే ఎవరికిని తెలియదు. ఆపద వచ్చిన నాడు మాత్రము సర్వమును దానిపైననే ఆధారపడియుండును.

నాల్గవది హెడ్డులు. వానిని భూతద్దముతో చూచి, గోధుమరంగు మరకలున్నచో, నూగు రాలని మెత్తని పుల్లను శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి మెల్లగా తుడువవలెను. పగులుగాని, గీతగాని కనబడినచో ఆ హెడ్డును మార్పక తప్పదు. ఈ హెడ్డులను నేడు ఎవరును తయారుచేయుట లేదు. మరియొక చెడిన యంత్రమునుండి తీసికొనవలసినదే. అందుచేతనే ఈ పనివారు పూర్తిగా శిథిలమైన డ్రైవును కూడ పారవేయరు.

అయిదవది, హెడ్డులను కావలసిన చాలు మీదికి నడిపించు భాగము. అయస్కాంతము నడుమ తీగచుట్ట ఒకటి ముందుకు వెనుకకు కదలుచుండును. ఎంత దూరము కదలినదో తెలిసికొనుటకు సన్నని గీతలు గల గాజుబద్ద ఒకటి, దానివెనుక చిన్న దీపము, ఎదుట వెలుగును గుర్తించు కన్నులు ఉండును. దీపము మాడిపోయినను, మసకబారినను, గాజుపై దుమ్ము చేరినను, ఆ యంత్రము గ్రుడ్డిదగును. హెడ్డులు ముందుకు పోయి వణకుటయు, ఝుమ్మని మ్రోగుటయు చూచి, చాలమంది ఎలక్ట్రానికు పలకలను అనుమానించి వారములు వృథాచేయుదురు. తీరా చూచినచో లోపము ఆ చిన్న దీపములో నుండును.

లోపము వెదకు పద్ధతి ఇందువలననే తెలియుచున్నది. సులభముగా చూడదగినదానిని మొదట చూడవలెను. పళ్ళెము అసలు తిరుగనిచో, ద్వారము సరిగా మూయబడినదా, పెట్టె కుదురుగా కూర్చున్నదా, ఫ్యూజు నిలిచియున్నదా, బెల్టు తన చోటనున్నదా అని వరుసగా చూడవలెను. పళ్ళెము తిరుగుచున్నను హెడ్డులు కదలనిచో, వేగమును కొలుచు భాగమును, పళ్ళెపు మధ్యనున్న గంట్లను లెక్కించు భాగమును చూడవలెను. హెడ్డులు చేరి, సిద్ధమను దీపము వెలిగినను అక్షరములు తప్పుగా వచ్చినచో, హెడ్డు శుభ్రతను, దాని అమరికను పరీక్షింపవలెను. ప్రతిసారియు ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితము చూచి, పుస్తకములో వ్రాసి, అది పనికిరానిచో యథాస్థితికి తెచ్చి, పిదప రెండవ మార్పునకు పోవలెను. నాలుగు మందులు ఒక్కసారిగా ఇచ్చిన వైద్యునికి ఏ మందు పనిచేసినదో తెలియదు. ఏది వికటించినదియు తెలియదు. ఈ యంత్రములతోపాటు సంస్థవారు ఇచ్చిన వివరణ గ్రంథములును, తీగల పటములును నేడు కూడ లభ్యములు. వానిని ముందుగా చదివినవానికి సగము పని తీరినట్లే.

ఇన్ని పరీక్షలైన పిదప, లోపల విలువైనదేదియు లేని పళ్ళెము నొకదానిని ఎక్కించి, గంటలకొలది నడిపింపవలెను. దించిన తరువాత దాని రెండు ముఖములను దీపపు వెలుగున ఏటవాలుగా పట్టి చూచి, సన్నని గీత కూడ లేదని నిశ్చయించుకొనవలెను. అప్పుడుగాని అపురూపమైన పళ్ళెమును తాకుటకు అధికారము రాదు. ఆ పళ్ళెమును కూడ పెట్టెనుండి విప్పి, దుమ్ము లేదని, గీతలు లేవని చూచి, అవసరమైనచో శుభ్రపరచి, డ్రైవులో పెట్టవలెను. డ్రైవు ముఖముమీద వ్రాతను నిషేధించు మీట ఒకటి కలదు. దానిని నొక్కి, దాని దీపము వెలిగినదని కన్నులార చూచిన పిమ్మటనే చదువుట ప్రారంభింపవలెను. అది మరచినచో, చదువబోయిన కంప్యూటరు పొరపాటున పాత అక్షరములపై క్రొత్తవానిని వ్రాసివేయు ప్రమాదము కలదు.

ఇందులో ఒక సూక్ష్మము కలదు. హెడ్డుల అమరికను సరిచూచుటకు ప్రమాణ పళ్ళెములు వేరుగా ఉండెడివి. వాని సహాయమున ఆసిలోస్కోపు అను పరికరములో గీతలు చూచి, హెడ్డును సరియైన చాలుపైకి జరుపుదురు. అయితే ఏబది ఏండ్ల క్రిందట పళ్ళెమును వ్రాసిన డ్రైవు స్వయముగా వంకరగా నుండెనేమో! అప్పుడు అక్షరములన్నియు చాలునుండి వెండ్రుకవాసి ప్రక్కకు వ్రాయబడియుండును. నేడు మనము శాస్త్రప్రకారము తిన్నగా అమర్చిన హెడ్డు ఆ వంకర వ్రాతను చదువజాలదు. అట్టి సందర్భమున అనుభవజ్ఞులు తమ హెడ్డును కొంచెముగా జరిపి, వ్రాసిన డ్రైవు ఎంత వంకరగా నుండెనో అంతే వంకరకు తెచ్చి, చదివి, ఆ తరువాత మరల సరిచేయుదురు. వ్రాయసకాని దస్తూరి ఎట్లున్నదో అట్లే చదువవలెను గాని, మన దస్తూరివలె లేదని పత్రమును నిందించి ప్రయోజనము లేదు. కాబట్టి పాత పళ్ళెములు దొరికిన చోటనే వానిని వ్రాసిన డ్రైవు కూడ ఉన్నచో, రెండింటిని విడదీయరాదు. వాని హెడ్డులను, పరీక్షింపకుండ, బాగుచేయుచున్నామను సంతోషముతో కదల్పరాదు.

చదివినదానిని నేటి కంప్యూటరులో ప్రతి తీసి, రెండు మూడు చోట్ల భద్రపరతురు. ప్రతి తీయగనే పని ముగియదు. పళ్ళెముపై అతికించిన చీటీలో ఏమి వ్రాసియున్నదో, అది ఎచ్చట దొరికినదో, ఏ మడులు చదువబడలేదో కూడ ప్రతితోపాటు వ్రాసి ఉంచవలెను. చదువబడని చోటును చదివినట్లు ఊహతో పూరించుట అపచారము. ఇట్లు ప్రతి తీసినచో, పాత యంత్రము లేకపోయినను దానిలోని కృతిని నడిపించు ఉపాయము కలదు. బాబ్ సప్నిక్ అను ఇంజనీరు 1993లో ఆరంభించిన సిమ్హెచ్ అను కార్యక్రమము నేటి సామాన్య కంప్యూటరులో పీడీపీ-8, పీడీపీ-11 మొదలగు యంత్రముల ప్రవర్తనను యథాతథముగా అనుకరించును. అప్పటి డిస్కు ప్రతిని దానికిచ్చినచో, నాటి కృతి నేటి బల్లమీద నడుచును.

అట్లయినచో పాత డ్రైవుతో పనియేమి అని అడుగవచ్చును. ప్రతి తీయుటకు డ్రైవు ఉండవలెను. డ్రైవు నడుచుటకు దానిని ఎరిగిన మనిషి ఉండవలెను. ఈ రెండవదే నేడు కొరతగా నున్నది. అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ ఆలెన్ అను ధనికుడు పాత కంప్యూటర్లను నడుచు స్థితిలో ఉంచి ప్రజలకు చూపు ప్రదర్శనశాలను నెలకొల్పెను. అచ్చటికి వచ్చినవారు ఆ యంత్రములను స్వయముగా తాకి, వాడి చూచెడివారు. 2018లో ఆయన మరణించెను. 2020లో ప్రదర్శనశాల మూతపడినది. ఇక తెరువబడదని 2024లో ప్రకటింపబడి, అందలి వస్తువులు కొన్ని వేలములో అమ్ముడుపోయినవి. యంత్రములు వేరొక చేతికి పోవచ్చును. వానిని ప్రతిదినము పలుకరించుచు, ఏ మ్రోతకు ఏ అర్థమో ఎరిగిన పనివారి అనుభవము వేలములో అమ్ముటకు వీలులేదు. ఎవరైన ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలసినదే. నాడు ఇరువదియైదేండ్ల వయస్సున ఈ డ్రైవులను మరమ్మతు చేసినవారు నేడు డెబ్బది దాటినవారు. వారి చెంత నేర్చుకొను యువకులు పలు దేశములలో కొందరు బయలుదేరియున్నారు. వారి సంఖ్య ఇంకను పెరుగవలసియున్నది.

పల్లెలలో నుండు పెద్దలకు ఈ ప్రసంగమువలన ప్రయోజనమేమి? మీ ఊరి విశ్రాంత ఉద్యోగి ఇంటనో, పాత కళాశాల గిడ్డంగిలోనో, మూతపడిన మిల్లు కార్యాలయములోనో, పళ్ళెము వంటి పెట్టెలుగాని, టేపు చుట్టలుగాని, ఇట్టి యంత్రముగాని మీ కంటబడవచ్చును. అప్పుడు నాలుగు జాగ్రత్తలు పాటింపుడు. పాత ఇనుము కొనువానికి తూకమునకు అమ్మకుడు. పనిచేయునేమో చూతమని విద్యుత్తు తగిలింపకుడు. దుమ్ము పోవుటకని నీటితో కడుగకుడు; మూతలు విప్పకుడు. వానిపైనున్న చీటీలను ఊడదీయకుడు. ఎండయు చెమ్మయు తగులని చోట ఉంచి, తెలిసినవారికి కబురు పంపుడు. ఆ యంత్రముతో పనిచేసిన మనిషి ఇంకను జీవించియున్నచో, ఆయన చెప్పునదానిని ఎవరైన పిల్లవానిచేత వ్రాయింపుడు. యంత్రము వేచియుండగలదు; ఆయనకు అంత వ్యవధి లేకపోవచ్చును.

మన ఇండ్లలోని భూమి పత్రములు, వివాహపు ఛాయాచిత్రములు, పిల్లల మార్కుల జాబితాలు నేడు క్రమక్రమముగా కంప్యూటర్లలోనికి పోవుచున్నవి. అవి కూడ ఒకనాటికి పాత యంత్రములలోని పాత గుర్తులు కాగలవు. ఏ ఇంటివారు సంవత్సరమున కొకసారియైనను వానిని తెరచి చూచి, క్రొత్త ప్రతి తీసి, ఒక ప్రతిని వేరొక ఊరిలోని బంధువుల యింట ఉంతురో, ఆ ఇంటి మనుమలకు ఈ పునరుద్ధరణ శ్రమ తప్పును. తాళపత్రములను మన పెద్దలు అట్లే నిలిపిరి. శిథిలమగుచున్న ఆకును చూచినపుడు క్రొత్త ఆకుపై ప్రతి వ్రాయించిరి.